తాతగారికి స్నానం చేయించడమూ చదువే!

ముసలితనం రెండో పసితనం అంటారు. మాట బాగానే ఉంది గానీ, పసిపాపకు స్నానం చేయించినంత సులువుగా డెబ్భై అయిదేళ్ళ తాతగారికి చేయించగలమా? పాపకు సిగ్గు తెలియదు. ఆయనకు తెలుసు. చిక్కంతా అక్కడే!

ఆ చిక్కు విప్పడం చదువుగా నేర్చుకుంటున్న అమ్మాయిలు మన మధ్యే ఉన్నారు. అల్వాల్‌నే తీసుకోండి. ఒకప్పుడు విడిగా మునిసిపాలిటీగా ఉండి, 2007లో హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసిన ఊరిది. కంటోన్మెంటు పక్కనే కావడంతో సైన్యంలో రిటైరై ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నవారు ఎందరో. పిల్లలు ఉద్యోగాలకని విదేశాలు వెళితే ఇంట్లో మిగిలేది ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక్కోసారి ఒక్కరే. చుట్టుపక్కల వృద్ధాశ్రమాలూ వెలిశాయి.

అలాంటి చోట ఇంటర్ పాసై, రెండేళ్ళ ఏఎన్ఎం కోర్సులోనో, మూడేళ్ళ జీఎన్ఎం కోర్సులోనో చేరిన పిల్లకు మొదటి పరీక్ష ఇంట్లోనే. "ఇంత చదివించింది ఎవరి మంచం కిందో శుభ్రం చేయడానికా?" అంటారు అయినవాళ్ళే. దాన్ని దాటి వస్తే రెండో పరీక్ష పెద్దవాళ్ళ దగ్గర. మందు వేసుకోనని మొండికేసే తాతగారు, "నువ్వెవరే నన్ను ముట్టుకోవడానికి?" అని కసిరే బామ్మగారు. నొప్పీ, ఒకరి మీద ఆధారపడ్డామన్న బాధే వారిచేత అలా అనిపిస్తాయని తెలుసుకోవడానికి కొంత కాలం పడుతుంది మరి!

మతిమరుపు జబ్బు ఉన్న ఓ పెద్దావిడ "మా అమ్మ ఏదీ?" అని అడిగిందనుకోండి. "ఆవిడ పోయి ముప్ఫై ఏళ్ళయింది" అంటే ఆ దుఃఖం మళ్ళీ కొత్తగా మొదలు. "మీ అమ్మగారు పప్పుచారు ఎలా పెట్టేవారండీ?" అని అడిగితే చాలు, ఆ ముఖం విప్పారవచ్చు. ఓర్పూ నేర్చుకోవలసిన విద్యే.

మీ ఇంట్లో అత్తగారో, మామగారో మంచాన ఉన్నారా? ఈ పిల్లలు నేర్చుకునేవి మీకూ పనికొస్తాయి.

* కదలలేనివారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే పడక పుండ్లు పడతాయి.
* చంకల్లో చేతులు వేసి లాగకండి. కింద దుప్పటి వేసి ఇద్దరు కలిసి జరపండి. వాళ్ళ భుజమూ, మీ నడుమూ రెండూ దక్కుతాయి.
* పడుకున్నవారిని ఒక్కసారిగా నిలబెట్టవద్దు. రెండు నిమిషాలు మంచం అంచున కూర్చోబెట్టండి. కళ్ళు తిరగవు.
* జావైనా, మజ్జిగైనా కూర్చోబెట్టే తాగించండి. తిన్న అరగంట దాకా పడుకోనివ్వకండి.
* వయసు మీద పడితే దాహం అంతగా తెలియదు. అడిగేదాకా ఆగకుండా మీరే నీళ్ళు అందించండి. డాక్టరు నీళ్ళు తగ్గించమని చెప్పి ఉంటే మాత్రం ఆ లెక్కే పాటించాలి.
* స్నానం చేయించేటప్పుడు ఒక తువ్వాలు కప్పే ఉంచండి. ఏం చేయబోతున్నారో ముందే చెప్పండి. సగం సిగ్గు అక్కడే పోతుంది.

తోడులేని పెద్దవాళ్ళకు సలహా కావాలంటే 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కన్నవారిని చూడని పిల్లల నుంచి మనోవర్తి ఇప్పించే చట్టం 2007లోనే వచ్చింది. అయితే చట్టం డబ్బు ఇప్పించగలదు గానీ, అర్ధరాత్రి లేచి పక్కకు తిప్పలేదు కదా!

ఆ పని చేసే చేతులకు మనం ఇస్తున్న విలువెంత? ఈ అమ్మాయిలు కోరేది పెద్దదేమీ కాదు. పనికి తగ్గ జీతం, వేళకు భోజనం, "ఏయ్ పిల్లా" అనకుండా పేరుపెట్టి పిలుపు. మీ వీధిలో ఎవరైనా అమ్మాయి ఈ చదువు చదువుతానంటే ముఖం చిట్లించకండి. వీలైతే ఓ ఆదివారం ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి, "మా అత్తయ్యగారిని పక్కకు ఎలా తిప్పాలో కాస్త చూపించమ్మా" అని అడగండి. నేర్చుకోవడానికి మనకేం నామోషీ?