పరాకూ ఎరుకా

తెలుగులో 'పరాకు' అనే మాట తమాషా అయినది. "ఏమే, అంత పరాకుగా ఉన్నావు?" అని అమ్మ అడిగితే, మనసు ఇక్కడ లేదని అర్థం. పౌరాణిక నాటకంలో రాజుగారు సభలోకి వస్తుంటే "బహుపరాక్" అని కేక వేస్తారు. అక్కడ మెలకువగా ఉండండి అని అర్థం. ఒకే మాటలో ఏమరుపాటూ ఉంది, హెచ్చరికా ఉంది. ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న 'మైండ్‌ఫుల్‌నెస్' ధ్యానం నాకు అర్థమైనంతలో ఇదే: రెండో పరాకుతో మొదటి పరాకుని పట్టుకోవడం.

ఈ ఇంగ్లీషు మాట వెనక ఉన్నది మన దేశపు మాటే. పాళీలో 'సతి', సంస్కృతంలో 'స్మృతి'. బౌద్ధ గ్రంథాలను ఇంగ్లీషు చేసిన రీస్ డేవిడ్స్ 1881లో 'సతి'కి 'మైండ్‌ఫుల్‌నెస్' అనే మాట వాడాడు. స్మృతి అంటే జ్ఞాపకం కదా, ధ్యానానికి జ్ఞాపకంతో పనేమిటి అని నాకూ సందేహం వచ్చింది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది నిన్నటి సంగతి కాదు, ఇప్పుడు నేను ఏం చేస్తున్నానన్నది. దీనికి తెలుగులో చక్కటి మాట 'ఎరుక'.

బుద్ధుడి బోధల్లో సతిపట్ఠాన సుత్తం ఈ ఎరుకని నాలుగు చోట్ల నిలపమంటుంది: శరీరం, వేదన, చిత్తం, ధర్మాలు. ఇక్కడ వేదన అంటే మనం తెలుగులో అనుకునే బాధ మాత్రమే కాదు. సుఖంగా ఉన్నా, దుఃఖంగా ఉన్నా, రెండూ కాకుండా ఉన్నా ఆ అనుభవాన్ని వేదన అనే అంటారు. నాకు నచ్చిన విషయం ఏమిటంటే, ఆ సుత్తం చెట్టు కింద కూర్చోమని చెప్పి ఊరుకోదు. నడిచేటప్పుడు, తినేటప్పుడు, బట్ట కట్టుకునేటప్పుడు, మాట్లాడేటప్పుడు, మౌనంగా ఉన్నప్పుడు కూడా ఎరుకతో ఉండమంటుంది. అంటే రోజువారీ జీవితం దీనికి మొదటి నుంచీ చోటే.

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన, చాలాకాలంగా నొప్పులతో బాధపడుతున్న రోగుల కోసం దీన్ని ఒక శిక్షణగా మలిచాడు. మతంతో సంబంధం లేకుండా ఆసుపత్రుల్లోకి, బడుల్లోకి ఇది వెళ్లింది అక్కడి నుంచే.

ఏకాగ్రత వేరు, ఎరుక వేరు

"కూర్చుంటే చాలు, ఎక్కడెక్కడి ఆలోచనలో వస్తాయి. ధ్యానం నా వల్ల కాదు" అని మనలో చాలామంది అంటారు. మనసు ఖాళీ అయిపోవాలి అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మనం తెలుగు విద్యార్థినులం కాబట్టి అష్టావధానం గుర్తు చేసుకుందాం. అవధానం అంటేనే శ్రద్ధ. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు అడుగడుగునా అక్షరాన్ని నిషేధిస్తారు. వీళ్లందరి మధ్యా అప్రస్తుత ప్రసంగి ఉంటారు. పద్యం సగంలో ఉండగా సంబంధం లేని ప్రశ్న వేసి అవధాని ధ్యాస మళ్లించడమే ఆ పృచ్ఛకుల పని. అవధాని విసుక్కోరు, వాళ్లని లేచి వెళ్లమనరు. నవ్వుతూ ఒక జవాబు చెప్పి, ఆపిన చోటికి తిరిగి వస్తారు.

మన బుర్రలో వచ్చే ఆలోచనలు కూడా అప్రస్తుత ప్రసంగాలే. వాటిని సభలోంచి తరిమేయక్కర్లేదు. "ఓహో, రేపటి టెస్టు గురించి ఆలోచిస్తున్నాను" అని ఒక్క మాట అనుకుని, చేస్తున్న పనికి తిరిగి రావాలి. పది నిమిషాల్లో ఇరవై సార్లు మనసు పోతే ఇరవై సార్లు తిరిగి వస్తాం. ఆ తిరిగి రావడమే ధ్యానం. పోకుండా ఉండడం కాదు.

మనసు పోవడం మామూలేనని పరిశోధన కూడా చెబుతోంది. హార్వర్డ్‌కి చెందిన కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ 2010లో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. 2,250 మందిని ఫోన్ ద్వారా రోజులో అప్పుడప్పుడు "ఇప్పుడు ఏం చేస్తున్నారు? మనసు దాని మీదే ఉందా?" అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు వేరే చోట ఉందని తేలింది. అలా ఉన్నప్పుడు వాళ్ల సంతోషం కూడా తక్కువగానే ఉంది.

ఎలా చేయాలి?

ఇప్పుడు మీరు ఈ గోడ ముందు నిలబడి చదువుతున్నారు. అరికాళ్లు నేలకి ఎక్కడ ఆనుతున్నాయో చూడండి. బరువు ఏ కాలి మీద ఎక్కువుంది? భుజాలు బిగుసుకుని ఉన్నాయా? ఊపిరి ఒకసారి లోపలికీ బయటికీ వెళ్లేదాకా గమనించండి. అంతే, అభ్యాసం మొదలైంది.

రైల్లో: నేను లోకల్ ట్రైన్‌లో మాంబళం నుంచి కోడంబాక్కం దాకా, ఆ ఒక్క స్టేషన్ దూరం, ఫోన్ తీయను. కళ్లు తెరిచే ఉంచుతాను. పట్టుకున్న కమ్మీ చల్లదనం, పెట్టె ఊగడం, పూలబుట్ట లోంచి మల్లెల వాసన, ఒకేసారి వినిపించే తమిళం, తెలుగు. బాగుంది, బాగాలేదు అని తీర్పు చెప్పకుండా ఉన్నదాన్ని ఉన్నట్టు గమనించడం. రెండు మూడు నిమిషాల పని.

తినేటప్పుడు: కబాట్-జిన్ శిక్షణలో ఒక్క ఎండుద్రాక్షని చాలాసేపు చూసి, వాసన చూసి, నెమ్మదిగా నమిలిస్తారు. మనకి దానికంటే మంచిది బండి మీద దొరికే ఉసిరికాయ. ముందు పులుపు, తర్వాత వగరు, పైన కొంచెం నీళ్లు తాగితే తీపి. మాటల్లో పడితే ఈ మూడింట్లో రెండు మనకి తెలియకుండానే పోతాయి.

ఇంట్లో: గిన్నెలు తోమడం, బట్టలు మడతపెట్టడం, ధనుర్మాసంలో చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేయడం, వీటిలో ఏదైనా ఒకటి ఎంచుకోండి. వేళ్ల మధ్య నుంచి పిండి జారే తీరు మీద ధ్యాస పెట్టండి. మనసు జారితే చుక్క తప్పుతుంది, ముగ్గే చెప్పేస్తుంది.

పరీక్ష హాల్లో: ప్రశ్నపత్రం చేతికి రాగానే గుండె దడదడలాడుతుంది. "దడగా ఉంది" అని గుర్తించి, మూడు ఊపిరులు నెమ్మదిగా వదిలి, అప్పుడు మొదటి ప్రశ్న చదవండి. దడ పూర్తిగా పోకపోవచ్చు. కానీ పెన్ను పట్టుకోవాల్సింది మనం, దడ కాదు.

మొదట్లో ఆలోచనలు ఇంకా పెరిగినట్టు అనిపిస్తుంది. పెరగలేదు, ఇంతకుముందు చూడలేదు, అంతే. నిద్ర వస్తే లేచి నడుస్తూ చేయండి.

ఓర్చుకోమని కాదు

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆడపిల్లలకి చిన్నప్పటి నుంచీ "సర్దుకుపో, ఓర్చుకో" అని చెబుతూనే ఉంటారు. ఎరుక అంటే ఇంకో రకం ఓర్పు అనుకుంటే నష్టమే. తీర్పు చెప్పకుండా గమనించడం మన లోపల జరిగేదాని విషయంలో. ఎదుటివాళ్లు చేసే అన్యాయానికి ఊపిరి లెక్కపెడుతూ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. కోపం వచ్చినప్పుడు చెవులు వేడెక్కడం, పళ్లు బిగియడం గమనిస్తే, ఆ కోపం ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. అప్పుడు అరవాలా, చెప్పాలా, అక్కడి నుంచి లేచి వెళ్లాలా అన్నది మన చేతిలో ఉంటుంది. చాలాసార్లు ఎరుక వల్ల నోరు మూతపడదు, సరైన మాట దొరుకుతుంది.

అలాగే ఇది అన్నిటికీ మందు కాదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, కళ్లు మూసుకుంటే భయం పెరుగుతున్నా, ధ్యానం ఆపి డాక్టర్‌తోనో, నమ్మకమైన టీచర్‌తోనో మాట్లాడండి. ప్రభుత్వం నడిపే టెలీ-మానస్‌కి 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇందుకోసం ప్రత్యేకంగా టైమ్ తీయక్కర్లేదు. రోజూ ఎలాగూ చేసే ఒక పనిని ఎంచుకుని, వారం రోజులు అదొక్కటే ఎరుకతో చేయండి. కాఫీ తాగడమైనా సరే, జడ వేసుకోవడమైనా సరే. వారం తర్వాత లంచ్ టైమ్‌లో కలిసినప్పుడు, మీ అప్రస్తుత ప్రసంగి ఎన్నిసార్లు వచ్చాడో చెప్పుకుందాం.