రోటి తొక్కుకు పెరటి మడి

సంగారెడ్డి జిల్లా, నారాయణఖేడ్ ప్రాంతమునందలి కంగ్టి కర్ణాటక సరిహద్దుకు చేరువ. ఇచ్చటి ఇండ్లలో జొన్నరొట్టెకు టమాట తొక్కు మంచి తోడు. టమాట, పచ్చిమిర్చి, ఎల్లిగడ్డ, కొత్తిమీర, ఉప్పు. వీనిని రోట నూరిన తొక్కు సిద్ధము. మెక్సికో వారును ఇంచుమించు ఇవే వస్తువులను రాతిరోట నూరి 'సల్సా' అందురు. ఇందు వింత లేదు. టమాట, మిరప అమెరికా ఖండపు మొక్కలు. 16వ శతాబ్దమున స్పెయిన్ వారు వీనిని ఐరోపాకు చేర్చిరి. మిరపను పోర్చుగీసువారు మన దేశమునకు తెచ్చిరి. ఎల్లిగడ్డ, కొత్తిమీర మాత్రము ఇటునుండి అటు వెళ్లినవి.

ఈ నాలుగింటిని రెండు గజాల మడిలో పెంచుకొనవచ్చును. అయితే నేల స్వభావము తెలియవలెను. నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. నీరు నిలిచినచో మట్టి సందులలోని గాలి వెడలిపోయి వేళ్లకు ఆక్సిజన్ అందదు. కావున మడిని జానెడు ఎత్తు చేసి, బాగుగా చివికిన పశువుల ఎరువు కలుపవలెను. ఎరువు మట్టిని గుల్లపరచును.

టమాట విషయమున పలువురు మోసపోవుచుందురు. ఎండకాలమున పూత విరగబూసి రాలిపోవును. తెగులని తలచి మందు చల్లుదురు. ఇది తెగులు కాదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడ చల్లబడనిచో పుప్పొడి శక్తి తగ్గును; ఫలదీకరణము జరుగదు. రాత్రి చలి 13 డిగ్రీలకు దిగువ పడినను ఇదే ఇబ్బంది. కావున ఆగస్టులో నారు పోసి, 25 నుండి 30 దినముల మొక్కను నాటిన, పూత అక్టోబరులో వచ్చి కాయ నిలుచును.

కాయ అడుగున నల్లని మచ్చపడి కుళ్లుట మరియొకటి. ఇదియు క్రిమివలన కాదు. కాల్షియము నీటితోపాటే కాయను చేరును. ఒకనాడు కుండపోతగా పోసి, నాలుగునాళ్లు ఎండగట్టిన ఆ సరఫరా తెగిపోవును. బియ్యము, పప్పు కడిగిన నీటినైనను రోజూ కొంచెముగా పోయుట మేలు. ఆకుముడుత మాత్రము నిజమైన తెగులే. దాని వైరసును తెల్లదోమ మోసుకొని వచ్చును. అట్టి మొక్కను తొలిదశలోనే పీకివేయవలెను. తొక్కులోని కొత్తిమీర, మిర్చి పచ్చివిగానే తినబడును. అనవసరముగా చల్లిన మందు మన కంచములోనికే రాగలదు.

మిరప నారు 40 నుండి 45 దినములకు నాటుటకు వచ్చును. దాని ఘాటు గింజలో ఉన్నదను నమ్మకము సరికాదు. గింజలు అంటియున్న తెల్లని పొరలో కాప్సైసిన్ తయారగును. అది నాలుకపై వేడిని గుర్తించు గ్రాహకమును తట్టుటచే మంట తోచును. ఈ గ్రాహకమును 1997లో గుర్తించిన పరిశోధనకు నాయకుడైన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకొనెను. కాప్సైసిన్ నీట కరుగుట అరుదు; కావున మంటకు నీళ్లకంటె పాలు, పెరుగు ఉపశమనము.

ధనియము నిజమునకు గింజ కాదు, రెండు బద్దల కాయ. మెల్లగా నలిపి రెండుగా చీల్చి విత్తవలెను. వేడి ముదిరిన కొత్తిమీర త్వరగా పూతకు వచ్చును. పదునైదు దినముల కొకసారి కొద్దికొద్దిగా విత్తిన లేత ఆకు దొరకును. ఎల్లిగడ్డ పాయలను అక్టోబరులో మొన పైకుండునట్లు గ్రుచ్చవలెను. రోట నలిగినప్పుడు దాని కణములు పగిలి, అందలి ఎంజైము గంధక పదార్థముపై పనిచేయును. ఆ ఘాటైన వాసన అప్పుడే పుట్టును. నలుగని పాయకు వాసన లేకుండుటకు కారణమిదియే.

విత్తనము విషయమున ఒక జాగ్రత్త. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క రక్షక్ టమాట ఆకుముడుతను తట్టుకొనును. కాని అది సంకరజాతి. దాని గింజ దాచి విత్తిన, మెండెల్ చెప్పినట్లు తరువాతి తరమున గుణములు చీలిపోవును. పూసా రూబీ వంటి సూటి రకముల గింజ దాచుకొనవచ్చును.

ఉపాధ్యాయులు బడి ఆవరణమున ఆగస్టులో ఒక మడి, ఫిబ్రవరిలో ఒక మడి టమాట వేయించి, విద్యార్థులచే ప్రతి గుత్తిలోని పూలను, నిలిచిన కాయలను లెక్కింపజేసి, ఆనాటి ఉష్ణోగ్రతతోపాటు వ్రాయింపవలెను. వాతావరణము పంటను ఎట్లు శాసించునో ఆ రెండు పట్టికలే చెప్పగలవు. పూత రాలినప్పుడు మందు డబ్బా వెదకక ఉష్ణమాపకమును చూచు పిల్లవాడు రేపు తన పొలమునను అట్లే ఆలోచించును.