పురిటి గదిలో తస్బీహ్

తెలుగు సినిమాలో కాన్పు చాలాకాలంగా ఒకే తీరుగా జరుగుతోంది. తలుపు అవతల ఓ కేక, ఇవతల వరండాలో పచార్లు చేసే భర్త, దేవుడి పటం ముందు చేతులు జోడించిన అత్తగారు, చివరికి బయటికొచ్చి తల్లి కావాలా బిడ్డ కావాలా అని అడిగే డాక్టరు. తలుపు లోపల నొప్పులు పడుతున్న మనిషి ఎవరి చెయ్యి పట్టుకుంది, ఏం తలుచుకుంటోంది అన్నది కెమెరాకు పట్టదు. ఇంట్లో ఒక్క పురుడైనా చూడకుండా పెరిగిన ఈ తరం ఆడపిల్లల్లో చాలామందికి మొదటి పురిటి గది తెర మీదిదే. ఆ కథలు తయారయ్యే హైదరాబాద్‌లోని ఫిలింనగర్, జూబ్లీహిల్స్‌ను ఆనుకునే షేక్‌పేట, యూసుఫ్‌గూడ, రహమత్‌నగర్, బోరబండ ఉన్నాయి. ముస్లిం కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉండే పేటలివి. నెలలు నిండిన కోడలో కూతురో ఉన్న ఇళ్ళలో తలగడ పక్కన తస్బీహ్ మాల, ఖర్జూరాల డబ్బా, హజ్‌కు వెళ్ళొచ్చిన చుట్టాలు ఇచ్చిన జమ్‌జమ్ నీళ్ళ సీసా కనిపించడం మామూలే. ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు సంచిలోకి అవీ చేరతాయి. చదువుకున్నవాళ్ళు కొందరు వీటిని చాదస్తంగా కొట్టిపారేస్తే, మరికొందరు మహిమగా చెప్పుకుంటారు. రెండూ సరికాదని నా వాదన. నొప్పుల్లో విశ్వాసం ఇచ్చే ఊరట ఒంటి మీద పనిచేస్తుంది. దాని దారులు చాలావరకు మనకు తెలిసినవే. దాని హద్దులూ తెలిసినవే.

ముందు భయం సంగతి చూద్దాం. గర్భాశయం సంకోచించడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను కావాలి. మనిషి బెదిరినప్పుడు రక్తంలో అడ్రినలిన్ పెరుగుతుంది. గర్భాశయ కండరం మీద బీటా–2 అనే గ్రాహకాలు ఉంటాయి, అడ్రినలిన్ వాటికి తగిలితే ఆ కండరం సడలుతుంది. నెలలు నిండకుండా వచ్చే నొప్పులను ఆపడానికి డాక్టర్లు వాడుతూ వచ్చిన టెర్బ్యుటలిన్, రిటోడ్రిన్ వంటి మందులు పనిచేసేదీ ఈ గ్రాహకాల మీదే. అంటే భయం కాన్పుకు అడ్డం పడడం ఉత్త మాట కాదు, అందుకు ఒంట్లోనే ఏర్పాటుంది. నార్వేలో 2,206 మంది స్త్రీలను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, కాన్పంటే విపరీతంగా భయపడినవాళ్ళకు నొప్పులు ఎక్కువసేపు సాగాయి. మిగతా కారణాల ప్రభావాన్ని లెక్కలోంచి తీసేశాక కూడా 47 నిమిషాల తేడా మిగిలింది. కాబట్టి పురిటి గదిలో భయాన్ని తగ్గించేది ఏదైనా సరే, అది వైద్యానికి సంబంధించిన విషయమే.

ఇప్పుడు విశ్వాసం సంగతి. ఖురాన్‌లో 19వ సూరాకు (అధ్యాయానికి) మర్యం పేరే పెట్టారు. ఈసా (యేసు) ప్రవక్తను కన్న తల్లి కథ అందులో ఉంది. నొప్పులు ఆమెను ఓ ఖర్జూర చెట్టు మొదలు దగ్గరికి చేరుస్తాయి. ఇంతకుముందే చచ్చిపోయి, ఎవరికీ గుర్తు లేకుండా పోయుంటే బాగుండేదని ఆమె వాపోతుంది. అప్పుడు కింది నుంచి ఓ గొంతు దిగులుపడవద్దంటుంది. పాదాల దగ్గరే నీటిపాయ ఉందని, మొదలు పట్టుకుని ఊపితే మగ్గిన పళ్ళు రాలతాయని, తిని తాగి కళ్ళు చల్లబరుచుకోమని చెబుతుంది. ఇక్కడ నన్ను ఆపేది మహిమ కాదు. నొప్పిలో ఉన్న స్త్రీ చావు కోరుకుంటే ఎవరూ మందలించలేదు. ఆమెకు దొరికినవి పట్టుకోవడానికి ఓ ఆధారం, నీళ్ళు, తిండి, ధైర్యం చెప్పే గొంతు. తక్కువ ప్రమాదమున్న కాన్పుల్లో తల్లిని తిననివ్వాలని, తాగనివ్వాలని, నిటారుగా ఉండి కదలనివ్వాలని, ఆమె కోరుకున్న మనిషిని తోడు ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. దీన్నిబట్టి ఖురాన్ ప్రసూతి శాస్త్ర గ్రంథమని నేననను. కాన్పులో మనిషికి ఏం కావాలో ఆ కథ చెప్పినవారికీ విన్నవారికీ తెలుసు, అంతే.

నొప్పిని చూసే తీరులో బైబిల్‌కూ ఖురాన్‌కూ ఉన్న తేడా కూడా ముఖ్యం. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ కాన్పుకు క్లోరోఫాం వాడినప్పుడు, పురిటి నొప్పి హవ్వకు దేవుడు వేసిన శిక్ష కదా అన్న అభ్యంతరానికి ఆయన జవాబు రాసుకోవాల్సి వచ్చింది. ఖురాన్ చెప్పే ఆదం కథలో ఈ శాపం లేదు. తల్లి కష్టం మీద కష్టం పడి మోసిందని, అందుకే ఆమెకు కృతజ్ఞులై ఉండాలని మాత్రం ఉంది. నొప్పి ఇక్కడ ఋణం, శిక్ష కాదు. జబ్బుకు చికిత్స చేయించుకోమని ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో ఉంది. హైదరాబాద్ చరిత్రలోనే ఇందుకు ఓ పెద్ద గుర్తు ఉంది. మత్తు ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో మరొకటి, క్లోరోఫాం కమిషన్లు ఈ ఊళ్ళోనే పనిచేశాయి. నడిపింది డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, డబ్బిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. వాళ్ళు తేల్చిన కొన్ని విషయాలు తర్వాత నిలబడలేదు. నొప్పి తెలియకుండా చేయడానికి ఓ ముస్లిం పాలకుడు ఖజానా తెరిచాడన్నది మాత్రం నిలిచే ఉంది.

ఇక తస్బీహ్. సుబ్‌హానల్లా, అల్‌హందులిల్లా, అల్లాహు అక్బర్ అన్న మాటలు వరుసగా పలుకుతూ గింజలు జరపడమే ఆ పని. మాలలో 33 గింజలో 99 గింజలో ఉంటాయి. జోరు మీదున్న నొప్పి ఒకటి సుమారు నిమిషం నుంచి నిమిషంన్నర ఉంటుంది. ఒక్కో మాటకు రెండు మూడేసి సెకన్లు పట్టేలా నిదానంగా పలికితే 33 గింజలు పూర్తయ్యేసరికి ఓ నొప్పి వచ్చి వెళ్ళిపోతుంది. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య గింజ జారుతుంటుంది, పెదవులు కదులుతుంటాయి, గాలి వదలడం పొడుగవుతుంది. నొప్పి ఇంకా ఎంతసేపన్న ప్రశ్నకు వేళ్ళే లెక్క చెబుతాయి. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన ఒకటి ఇలాంటి జపాన్నే కొలిచింది. 23 మంది క్రైస్తవ జపమాల ప్రార్థననూ యోగ మంత్రాన్నీ పలికినప్పుడు శ్వాస నిమిషానికి ఆరు సార్లకు దగ్గరగా వచ్చింది, రక్తపోటును అదుపులో ఉంచే నాడీ స్పందన మెరుగుపడింది. జపమాల యూరప్‌కు అరబ్బుల ద్వారా చేరిందని ఆ పరిశోధకులే గుర్తుచేశారు. వాళ్ళు తస్బీహ్‌ను కొలవలేదు, పురిటి గదిలోనూ కొలవలేదు. అయినా నిదానంగా, లయగా పలికే ఏ మాటకైనా శ్వాస ఒకేలా లొంగుతుందని అనుకోవడానికి ఆధారం గట్టిదే.

శ్వాసే అంతా అయితే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టినా చాలు కదా, మతం ఎందుకని అడగవచ్చు. మంచి ప్రశ్న. లెక్కపెట్టుకుంటే కొంత పనిచేస్తుంది కూడా. కానీ అర్థానికి వేరే పాత్ర ఉందని చూపే ప్రయోగం ఒకటుంది. 2008లో ప్రచురించిన ఆ ప్రయోగంలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 12 మంది కాథలిక్కులకూ, మత విశ్వాసం లేని 12 మందికీ చేతి మీద చిన్న విద్యుత్ దెబ్బలు ఇస్తూ రెండు బొమ్మలు చూపారు. ఒకటి మేరీమాత చిత్రం, రెండోది లియొనార్డో డావిన్చీ గీసిన ఓ యువతి చిత్రం. మేరీమాతను చూస్తున్నప్పుడు కాథలిక్కులకు నొప్పి తక్కువనిపించింది, మిగతావారికి తేడా లేదు. అదే సమయంలో కాథలిక్కుల మెదడులో కుడివైపు ముందుభాగాన, వచ్చిన అనుభవాన్ని తిరిగి బేరీజు వేసుకునే చోట, చురుకు పెరిగింది. ఇస్లాం ఆరాధనలో బొమ్మలు లేవు, కానీ ఆ మేరీమాతే మర్యం సూరాగా ఉంది. నమ్మే మనిషికి ఆ పారాయణం వినిపిస్తే ఇదే దారి తెరుచుకోవచ్చు. ఇరాన్‌లో ఖురాన్ పఠనం వినిపించి ఆందోళన, నొప్పి తగ్గాయని చెప్పిన అధ్యయనాలు ఉన్నాయి. అవి చాలావరకు చిన్నవి. పైగా వింటున్నదేమిటో తల్లికి తెలియకుండా దాచే వీలు లేదు కాబట్టి వాటి మీద ఎక్కువ బరువు పెట్టలేం.

ఖర్జూరాల సంగతి మరింత జాగ్రత్తగా చెప్పాలి. సోషల్ మీడియాలో ఎక్కువగా తిరిగేది దీని గురించే. 2011లో ప్రచురించిన అధ్యయనంలో జోర్డాన్ పరిశోధకులు కాన్పు తేదీకి ముందు నాలుగు వారాలు రోజుకు ఆరేసి పళ్ళు తిన్న 69 మందిని, తినని 45 మందితో పోల్చారు. ఆసుపత్రికి వచ్చేసరికి తిన్నవాళ్ళలో గర్భాశయ ముఖద్వారం సగటున 3.52 సెంటీమీటర్లు తెరుచుకుని ఉంది, తిననివాళ్ళలో 2.02. నొప్పులు వాటంతటవే మొదలైనవాళ్ళు వరుసగా 96 శాతం, 79 శాతం. వినడానికి గొప్పగా ఉంది. అయితే ఎవరు తినాలో లాటరీ వేసి నిర్ణయించలేదు. తినడానికి ముందుకొచ్చినవాళ్ళు వేరే విధాలుగానూ శ్రద్ధ తీసుకునేవాళ్ళై ఉండవచ్చు. 2017లో ప్రచురించిన మరో పరీక్ష మలేసియాలో తొలి చూలు స్త్రీలు 154 మందితో జరిగింది. రోజుకు ఏడు పళ్ళు తిన్నవాళ్ళకు నొప్పులు తొందరగా మొదలవలేదు. నొప్పులు పెంచే మందు అవసరమైనవాళ్ళు మాత్రం 37 శాతమే, తిననివాళ్ళలో 50 శాతం. మేలు ఉండవచ్చు, ఎంతన్నది ఇంకా తేలలేదు. ఆ పండులో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే. గంటల తరబడి శ్రమపడే ఒంటికి అది మంచి ఇంధనం, గర్భిణిగా ఉండగా మధుమేహం బయటపడిన స్త్రీకి మాత్రం డాక్టరును అడగకుండా తినకూడనిది. ఖర్జూరం పనిచేస్తే ఖురాన్ నిజమని రుజువైనట్టేనని మురిసిపోయేవారికి నా మనవి ఒకటే: రేపు ఇంకా పెద్ద పరీక్షలో ఫలితం రాకపోతే ఏం చేస్తారు? విశ్వాసాన్ని ప్రయోగశాల ఫలితానికి తాకట్టు పెట్టడం విశ్వాసానికీ మంచిది కాదు, ప్రయోగశాలకూ మంచిది కాదు.

మర్యం పంజా విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. పిడికిలి బిగించినట్టుండే ఎండు ఎడారి మొక్క అది. నొప్పులు మొదలవగానే గిన్నెడు నీళ్ళలో వేస్తారు. గంటల్లో కొమ్మలు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. అది విచ్చినట్టే కాన్పు సులువవుతుందని నమ్మకం. మొక్క చనిపోయిందే, తడి పీల్చుకున్న కొమ్మల్లో ఒక వైపు ఎక్కువ ఉబ్బడం వల్ల అవి తెరుచుకుంటాయి. కళ్ళ ముందు పెట్టుకుని చూస్తే మనసుకు ఓ ఆలంబన, హాని లేదు. ఆ నీళ్ళు తాగించడం వేరే సంగతి. గర్భిణులకు అది సురక్షితమని చూపే సరైన పరీక్షలు లేవు, తాగించకూడదు. బిడ్డ పుట్టాక నోట్లో తేనె రాయడం కూడా మానాలి, ఏడాది లోపు పిల్లలకు తేనెతో బొటులిజం అనే జబ్బు ప్రమాదం ఉంది.

ఇన్నిటిలోనూ బలమైన ఆధారం దేనికి ఉందంటే తోడుకు. కాన్పు పొడుగునా పక్కన ఓ మనిషి ఉంటే ఏమవుతుందో తేల్చడానికి 17 దేశాల్లో 15 వేల మందికి పైగా స్త్రీలతో జరిగిన పరీక్షలను కోక్రేన్ సంస్థ 2017లో కలిపి చూసింది. తోడు ఉన్నవాళ్ళకు మామూలు కాన్పులు పెరిగాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పులు సగటున 40 నిమిషాల మేర తక్కువసేపు సాగాయి. పక్కన కూర్చుని వీపు రాస్తూ దువా (ప్రార్థన) చదివే అమ్మో అక్కో వదినో ఈ పనే చేస్తోంది. తెలంగాణలో ఇది చిన్న విషయం కాదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడ 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలోనే అత్యధికం. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. దీనికి కారణాలు అనేకం, నొప్పి భయం వాటిలో ఒకటి. ఆ భయాన్ని పెంచే సన్నివేశాలు రాసే రచయితలు ఓసారి ఆ తలుపు లోపలికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పే మనిషిని కూడా చూపిస్తే ఎంతో మేలు.

అసలైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. దువా ఉంది కదా అని నొప్పి భరించమని, ఎపిడ్యూరల్ మత్తు సూది వద్దని, ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్ళమని ఇంట్లోవాళ్ళు ఒత్తిడి చేయరా? చేస్తారు, అన్ని మతాల్లోనూ చేస్తారు. ఓర్చుకోవడమే భక్తి అన్న మాటకు మర్యం కథలో మాత్రం ఆధారం లేదు, ఆమె బిగ్గరగానే బాధపడింది. కాన్పులో కన్నుమూసిన స్త్రీకి అమరత్వం దక్కుతుందన్న హదీసు దుఃఖంలో ఉన్న ఇంటికి ఓదార్పు, నిర్లక్ష్యానికి అనుమతి కాదు. 1949లో ఏడో నిజాం కోడలు నీలోఫర్ యువరాణి పరిచారిక రఫత్ ఉన్నీసా కాన్పులో చనిపోయింది. యువరాణి ఆ ఓదార్పుతో సరిపెట్టుకోలేదు. మరో రఫత్ ఇలా పోకూడదని పట్టుబట్టింది, 1953లో రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి వచ్చింది. రక్తస్రావానికి తస్బీహ్ మందు కాదు. బిడ్డ గుండె చప్పుడు తగ్గితే చెయ్యాల్సింది ఆపరేషనే. విశ్వాసం పని భయం దగ్గర మొదలై భయం దగ్గరే ఆగుతుంది. ఆ ఒక్క పనీ చిన్నది కాదు.

ఒక మతానికి ఆసుపత్రిలో ప్రత్యేక ఏర్పాట్లు ఎందుకని అడిగేవారూ ఉంటారు. నిజానికి ఇందులో ప్రత్యేకమైనవి చాలా తక్కువ. తెర, ఒళ్ళు కప్పే గౌను, లోపలికి వచ్చే ముందు తలుపు తట్టడం, వీలైనంతవరకు ఆడ సిబ్బంది, పక్కన ఓ మనిషి, చేతిలో ఓ మాల. హనుమాన్ చాలీసా చదువుకునే స్త్రీకీ, ఏ దేవుణ్ణీ నమ్మని స్త్రీకీ వీటిలో చాలావాటి అవసరం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల పురిటి గదుల్లోకి తోడుగా ఓ ఆడమనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే నిర్ణయించింది. మీ ఇంట్లో నెలలు నిండుతున్న అమ్మాయి ఉంటే ఎనిమిదో నెలలోనే డాక్టరును కలిసి మాట్లాడండి. పక్కన ఎవరుండాలి, మత్తు సూది కావాలా వద్దా, మాల చేతిలో ఉంచుకోవచ్చా, ఖర్జూరాలు ఎన్ని తినొచ్చు అని అడగండి. జవాబులు అమ్మాయే చెప్పాలి, అత్తగారో భర్తో కాదు. అనుమతి లేదని గుమ్మం దగ్గర ఆపేస్తే ఆ 2016 నిర్ణయాన్ని గుర్తుచేయండి.