అడవి అంచున చదువు: కోయ పిల్లలకు నేర్పు ఉపాధ్యాయుని శిక్షణ

చదువుట, వ్రాయుట అను రెండు పనులును పెద్దలకు మిక్కిలి తేలికగా తోచును. పుస్తకము తెరచిన వెంటనే భావము మనసునకు వచ్చును. నడుమనున్న అక్షరములను మనము గమనింపనే గమనింపము. ఐదారేండ్ల పిల్లవానికి అట్లు కాదు. కాగితముమీది గుర్తును ధ్వనిగా మార్చుకొనుట వానికి ఒక విద్య. ఆ ధ్వనినుండి అర్థము గ్రహించుట మరియొక విద్య. 1986లో గఫ్, టన్మర్ అను విద్వాంసులు ఈ సంగతిని ఒక చిన్న గుణకారముగా చెప్పిరి. అక్షరజ్ఞానమును భాషాజ్ఞానముతో హెచ్చవేసిన వచ్చు లబ్ధమే చదువు. రెంటిలో ఏ ఒక్కటి సున్న యైనను లబ్ధము సున్నయే యగును.

తెలుగు ఇంట పుట్టిన పిల్లవాడు భాషను ఇంటినుండియే తెచ్చుకొనును. ఉపాధ్యాయుడు వానికి అక్షరములు చూపిన చాలును. ఈ భావముతోనే మన వాచకములును, బోధనాపద్ధతులును ఏర్పడినవి. కాని ఖమ్మం, భద్రాచలముల నడుమ అడవి పల్లెలలో ఈ లెక్క సరిపోదు.

పలు భాషల బడి

భద్రాచలము, నూగూరు తాలూకాలు 1959లో తూర్పు గోదావరి జిల్లానుండి ఖమ్మం జిల్లాలో చేరినవి. 2014లో కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమున కలిసినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. ఎల్లలు ఎన్నిసార్లు మారినను గూడెములలో తల్లులు బిడ్డలతో మాటలాడు భాష ఎల్లలనుబట్టి మారలేదు. ఇక్కడ కోయవారి ఇండ్లలో కోయ భాష కలదు. లంబాడీ తండాలలో లంబాడీ భాష కలదు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ అడవులనుండి వలస వచ్చిన గుత్తికోయల పలుకుబడి మరియొక తీరు.

కోయ భాష ద్రావిడ కుటుంబములోనిది. అది తెలుగునకు బంధువే గాని గోండీ భాషకు మరింత దగ్గరిది. 2011 జనాభా లెక్కలలో నాలుగు లక్షలకు పైబడిన జనులు దానిని మాతృభాషగా చెప్పుకొనిరి. లంబాడీ ఇండో-ఆర్య కుటుంబమునకు చెందినది. ఒకే తరగతిలో ఈ రెండు ఇండ్ల పిల్లలును, తెలుగు పిల్లలును కలిసి కూర్చుండుట కలదు.

దగ్గరి భాష తెచ్చు చిక్కు

బంధుభాష యైనచో నేర్చుట సుకరమని తోచును. కొంతవరకు నిజమే. కాని కోయలో 'ఏర్' అనగా నీరు. తెలుగులో 'ఏరు' అనగా వాగు. కోయలో 'లోన్' అనగా ఇల్లు. తెలుగులో 'లోన' అనగా లోపల. వాచకములో 'ఏరు' అను మాట చూచిన కోయ బాలుడు కుండలోని నీటినే తలచుకొనవచ్చును. వాడు అక్షరములు తప్పు చదువలేదు. అర్థమే వేరు దారి పట్టినది. కోయ మాట ఒక్కటియు ఎరుగని ఉపాధ్యాయునకు ఈ సంగతి తెలియనే తెలియదు.

లిపి విషయమునను ఇట్టిదే కలదు. అచ్చతెలుగు మాటలు సాధారణముగా అచ్చుతో ముగియును. అందుచే పొల్లును మన వాచకములు ఆలస్యముగా నేర్పును. 'ఏర్', 'లోన్' వంటి కోయ మాటలు హల్లుతో ముగియును. వానిని తెలుగు లిపిలో వ్రాయవలెనన్న పొల్లు మొదటి పాఠములలోనే కావలెను. మరియు కోయ భాషలో ఒత్తు పలుకులు లేవు. ఖ, ఘ, ధ, భ మొదలగునవి కోయ పిల్లవాని చెవికి క్రొత్తవి. తన ఊరి పేర్లయిన ఖమ్మం, భద్రాచలము అను మాటలలోనే మొదటి అక్షరము వానికి పరాయిది! లంబాడీ పిల్లవానికి ఒత్తులు ఇంటి భాషలోనే ఉన్నవి. కావున ఒకే వరుస, ఒకే వేగము అందరికి నప్పవు.

అక్షరమాల నేర్పుటలో తొందర యెన్నడును పనికిరాదు. మన లిపిలో హల్లులు, గుణింతములు, వత్తులు కలిసి వందలకొలది రూపములగును. మన లిపికి తోబుట్టువైన కన్నడములో ఈ రూపములు పట్టుబడుటకు పిల్లలకు పలు సంవత్సరములు పట్టునని 2007లో ప్రకటితమైన సోనాలీ నాగ్ పరిశోధన తెలుపుచున్నది.

తప్పును చదువుట

ఉపాధ్యాయుడు శిక్షణలో ముఖ్యముగా నేర్వవలసినది పిల్లవాని తప్పును చదువుట. మూడు ఉదాహరణములు చూతము.

ఇంటి బొమ్మ క్రింద 'ఇల్లు' అని యున్నది. బాలుడు 'లోన్' అనెను. వాడు బొమ్మను చదివెను, అక్షరములను కాదు. అర్థము కలదు, అక్షరజ్ఞానము రావలెను.

రెండవవాడు 'ఇల్లు' అని గడగడ చదివెను. అది యేదో చూపుమన్న ఊరకుండెను. వానికి అక్షరము వచ్చినది, మాట రాలేదు. వానిచేత మరల గుణింతము వ్రాయించిన ప్రయోజనము లేదు. మాటలాడించవలెను.

మూడవవాడు 'భూమి'ని 'బూమి' అనెను. బ, భ అను రెండు అట్టముక్కలు ముందుంచి 'భ'ను తీయుమనవలెను. సరిగా తీసినచో కన్ను నేర్చినది. నాలుక మాత్రము ఇంటి భాషను అనుసరించుచున్నది. ఇది చదువురాని తప్పు కాదు.

ముగ్గురికిని 'తప్పు' అని ఒకే గుర్తు పెట్టు ఉపాధ్యాయుడు ముగ్గురికిని ఒకే మందు ఇచ్చు వైద్యునివంటివాడు.

శిక్షణ ఎట్లుండవలెను?

ఉపన్యాసములు విని ఇంటికి పోవుటచే ఈ నేర్పు అలవడదు. ఉపాధ్యాయుడు మొదట వంద కోయ మాటలైనను నేర్వవలెను. సంతలోను, ఇప్పపువ్వు ఏరుచోటను, తునికాకు కల్లములోను అవి దొరకును. పిల్లలు తమ భాషలో చెప్పిన వాక్యమును తెలుగు లిపిలో నల్లబల్లమీద వ్రాసి, వారిచేతనే చదివించుట రెండవ మెట్టు. తన నోటి మాటయే బల్లమీద నిలిచినదని గ్రహించిన నాడు చదువు గుట్టు పిల్లవానికి తెలియును. ఆ పిదప తెలుగును ముందు నోటితోను, తరువాత చేతితోను నేర్పవలెను. ఈ పాఠములను తోటి ఉపాధ్యాయుల యెదుట చెప్పి, లోపములను చర్చించుకొని, మరల చెప్పుటయే నిజమైన అభ్యాసము.

ఈ మార్గము క్రొత్తది కాదు. గిడుగు రామమూర్తిగారు (1863–1940) పర్లాకిమిడిలో సవర భాష నేర్చి, ఆ భాషలో వాచకములు కూర్చి, సవర పిల్లలకు బడులు పెట్టించిరి. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధకు వసతులు కల్పింపుమని రాష్ట్రములకు చెప్పినది. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయతో కూడ ఎనిమిది భాషలలో, తెలుగు లిపిలో వాచకములు సిద్ధపరచి బహుభాషా విద్యను ఆరంభించినది. 2022 ఆగస్టు 15న తెలంగాణలో 'తొలిమెట్టు' కార్యక్రమము మొదలైనది. చదువుట, వ్రాయుట, లెక్కలలో పునాది వేయుట దాని ఉద్దేశము.

షెడ్యూల్డు ప్రాంతములలోని ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యని 2000 జనవరిలో వెలువడిన 3వ నంబరు ఉత్తరువును సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసినది. ఆ తీర్పు మంచిచెడ్డలు అటుండగా, దానివలన శిక్షణకు భారము హెచ్చినది. గూడెపు బడికి కోయ ఎరుగని ఉపాధ్యాయుడు వచ్చుటకు ఇప్పుడు మరింత అవకాశము కలదు. భాష యింటినుండి తెచ్చుకొనని వానికి శిక్షణాలయమే దానిని ఇయ్యవలెను.

చదువు అర్థముకాని పిల్లవాడు బడిలో మౌనముగా కూర్చుండును. కొన్నాళ్లకు పశువుల వెంట అడవికి పోవును. వాడు మొద్దు అని అందరు అందురు. గుణకారములో సున్న యెక్కడ నున్నదో ముందు చూడవలెను. పలుమారు అది పిల్లవానియందు గాక, వానికి నేర్పవచ్చిన వాని శిక్షణయందుండును.