పొదుగు కోడికి కొన్న పిల్లలను అలవాటు చేయడం ఎలా?

హేచరీ నుంచి తెచ్చిన వనరాజా, గ్రామప్రియ పిల్లలను పొదుగు మీదున్న నాటుకోడితో పెంచుకోవచ్చు. కోడి కనీసం రెండు వారాలు పొదిగి ఉండాలి. పిల్లలకు 1–2 రోజుల వయసు మించకూడదు. ముందే కోడికి పేలు లేకుండా చూసుకోండి.

రాత్రి చీకట్లో గుడ్లు తీసేసి, పిల్లలను ఒక్కొక్కటిగా కోడి రెక్కల కిందకు చేర్చండి. 10–12కు మించితే అన్నిటికీ వెచ్చదనం అందదు.

తెల్లవారగానే తప్పక గమనించండి. కోడి పిల్లలను పిలుస్తూ రెక్కల కిందకు తీసుకుంటే కలుపుకున్నట్లే. తలపై గట్టిగా పొడిస్తే వెంటనే వేరు చేసి బల్బు వేడిలో ఉంచాలి. ఆలస్యమైతే పిల్లలు చనిపోతాయి. అందుకే బల్బును ముందే సిద్ధం చేసుకోండి.

నీళ్లు లోతు లేని పళ్లెంలో గులకరాళ్లు వేసి పెట్టండి. 5–7 రోజుల మధ్య కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా చుక్కలు వేయించండి.