సరిహద్దును కాచిన సామాన్యులు

నారాయణగూడ చౌరస్తానుండి చిక్కడపల్లి మీదుగా అశోకనగరు వఱకు నడచువారికి ఏ వైపు చూచినను దేశపు సరిహద్దు కానరాదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములోను, అశోకనగరు గదులలోను పోటీ పరీక్షలకు చదువుకొనుచున్న యువతీయువకులు మాత్రము మన భూసరిహద్దు 15,106.7 కిలోమీటర్లనియు, దాని కావల ఏడు దేశములు కలవనియు వల్లె వేయుచుందురు. వారికి సరిహద్దనగా దూరముననున్న మంచుకొండ, ఇసుక యెడారి. కాని 1947 ఆగష్టు 15 మొదలు 1948 సెప్టెంబరు 17 వఱకు, పదుమూడు మాసములకు పైగా, వారు కూర్చున్న ఈ నేలయే ఇండియన్ యూనియనులో చేరకుండ నుండెను. ఆనాటి సరిహద్దు విజయవాడ బాటలో కోదాడకును జగ్గయ్యపేటకును నడుమ నుండెను. దానిని ఇరుప్రక్కల కాచినవారిలో పెక్కురు సైనికులు కారు, పోలీసులును కారు. వారి మాట నేడు కొంత చెప్పుకొందము.

హైదరాబాదు సంస్థానము సుమారు 82,000 చదరపు మైళ్ల రాజ్యము. జనసంఖ్య కోటి అఱువది లక్షలు. నలుదిక్కుల ఇండియన్ యూనియనే. దక్షిణమున కృష్ణా తుంగభద్రలు చాలవఱకు హద్దు. తక్కినచోట్ల హద్దనగా ఒక పొలము గట్టు, ఒక వాగు, ఒక రాయి. కంచె లేదు. బండిబాట మీద కరోడ్‌గిరి నాకా వచ్చినపుడే పరరాజ్యములో అడుగిడితిమని తెలియును. అచ్చట సరకునకు సుంకము చెల్లింపవలెను. ఆఱు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు మారకము. బిడ్డ నిచ్చినది ఆవలి యూరు, పొలమున్నది ఈవలి యూరు. పైగా పటము బొంతకు వేసిన మాసికలవలె నుండెను. మునగాల పరగణా నల్లగొండ జిల్లా నడుమ నుండియు కృష్ణా జిల్లాకు చెందినది. పరిటాల కృష్ణా జిల్లా నడుమ నుండియు నిజామునకు చెందినది. ఈ పరిటాల ప్రజలు 1947 చివర నిజాము అధికారమును త్రోసివేసి తమ గ్రామములు స్వతంత్రములని చాటుకొనిరి.

ఇట్టి హద్దును కాచుట ఎట్లు? 1947 జూనులో నిజాము తాను ఏ దేశమునను చేరక స్వతంత్రుడుగా నుందునని ప్రకటించెను. ఆగష్టు 7న స్టేట్ కాంగ్రెసు యూనియనులో చేరవలెనని సత్యాగ్రహము నారంభించెను. ఆగష్టు 15న స్వామి రామానందతీర్థ నిర్బంధింపబడిరి. అంతట కార్యకర్తలు అనేకులు హద్దు దాటి విజయవాడ, షోలాపూరు, చాందా ప్రాంతములకు చేరి శిబిరములు నెలకొల్పిరి. చదువు మానివచ్చిన విద్యార్థులు, కోర్టు విడిచిన వకీళ్లు, ఊరు విడిచిన రైతులు వానిలో నుండిరి. పగలు సంస్థానమునుండి మూటాముల్లెలతో వచ్చు కుటుంబములకు తిండి, నీడ చూచుట. రాత్రి గస్తీ తిరుగుట. అదను చూచి హద్దు దాటి కరోడ్‌గిరి నాకాలపై, పోలీసు ఠాణాలపై బడి తిరిగివచ్చుట వారి పనులు. నవంబరు 29న ఢిల్లీకిని హైదరాబాదుకును ఒక సంవత్సరమునకు యథాతథపు ఒడంబడిక కుదిరినది. కాగితము మీద శాంతి నెలకొన్నది, పొలిమేరలో నెలకొనలేదు. (నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో కమ్యూనిస్టు దళముల పోరాటము వేరొక దీర్ఘచరిత్ర, దాని నిచ్చట తడవము.)

ఆవలి ప్రక్కను రజాకారులు. ఈ మాట వినగానే మన పెద్దల మనస్సున మెదలు భయము సంగతి చెప్పనక్కఱలేదు. కాని రజాకారు అనగా స్వచ్ఛంద సేవకుడనియే అర్థము! లాతూరు వకీలు కాసిం రజ్వీ నాయకత్వమున వారు యూనిఫారములు తొడిగి, తుపాకులు, కత్తులు పట్టి, రాజ్యరక్షణకై సరిహద్దును కాతుమనిరి. సర్కారు వారిని వారింపలేదు. వారికి లెక్క అడుగువారు లేరు. హద్దువైపు చూపవలసిన ఆయుధము కొలదికాలములోనే ఊరివైపు తిరిగినది. ఇచ్చటికి కొలదిదూరములోనే, కాచిగూడ ప్రాంతమున, 1948 ఆగష్టులో 'ఇమ్రోజ్' పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖానుని రాత్రివేళ దారికాచి, చేయి నరికి చంపిరి. హైదరాబాదు భారతదేశమున చేరుట మేలని వ్రాయుటయే ఆయన చేసిన నేరము. ఆయనయు ముస్లిమే. ఆనాటి తగవును మతము మతముతో పడిన తగవుగా మాత్రమే చెప్పువారు ఆయన పేరును మఱచుచున్నారు.

ఇక శిబిరములవారి వైపు అంతయు మచ్చలేనిదా? 1948 జనవరిలో నాందేడు జిల్లా ఉమ్రీలో బ్యాంకును కొల్లగొట్టి, ఆ ధనమును పోరాటమునకు వినియోగించిరి. కారణము మంచిదే కావచ్చును. కాని ఆయుధము చేతనున్న పౌరుడు నేడు బ్యాంకునకును, ఱేపు పగవాని యింటికిని పోడని పూచీ యెవరు? రామానందతీర్థ వంటివారి కట్టుబాటుపై గల నమ్మకమే ఆ పూచీ. అది గొప్ప పూచీయే. కాని ఒక మనిషితో ముడిపడిన పూచీ. ఉభయుల నొక్క త్రాసున తూచుట మా యుద్దేశము కాదు. ఒకరు ప్రజల కోరికకును, మఱియొకరు దానిని అణచుటకును నిలిచిరి. అయినను ఈ ప్రశ్న ఇరువురికిని చెందును.

దానికొక సమాధానము ఆ కాలముననే చట్టరూపమున వచ్చినది. 1946 డిసెంబరులో బొంబాయిలో అల్లరులను అరికట్టుటకు హోంగార్డు దళము ఏర్పడెను. 1948లో మద్రాసు రాష్ట్రమునకును హోంగార్డుల చట్టము వచ్చెను. ఆ చట్టము ప్రకారము స్వచ్ఛంద సేవకునకు నియామక పత్రము ఇత్తురు. అధికారులు పిలిచినపుడే అతనికి పోలీసు అధికారము. ఆ పిలుపు లేనపుడు అతడు మనవంటివాడే. పదవి ముగిసిననాడు పత్రమును, ఆయుధమును, ఉడుపును తిరిగి అప్పగింపవలెను. చిన్న కాగితమే, కాని రజాకారునకు లేనిది అదియే.

1948 సెప్టెంబరు 13న భారతసైన్యము షోలాపూరు బాటను, విజయవాడ బాటను హద్దు దాటెను. అయిదు దినములలో పని ముగిసెను. 17వ తేదీ సాయంకాలము నిజాము స్వయముగా హైదరాబాదు రేడియోలో మాటలాడెను. రేడియో యున్న యింటివారికే ఆ వార్త ముందుగా తెలిసినది. శిబిరములు ఎత్తివేయబడెను, సేవకులు చదువులకు, సేద్యములకు, మఱికొందఱు రాజకీయములకు మరలిరి. కాచుటకు హద్దే లేకపోయెను.

తరువాతి కాలమున దేశపు సరిహద్దులను చాలవఱకు ఆయా రాష్ట్రముల సాయుధ పోలీసులే కాచిరి; 1965 డిసెంబరు 1న సరిహద్దు భద్రతాదళము ఏర్పడినది. పంజాబు, రాజస్థాను, గుజరాతు మొదలగు రాష్ట్రములలో హోంగార్డులకు సరిహద్దు విభాగములును కలవు. అమెరికాలో 2005 ఏప్రిలునందు 'మినిట్‌మెన్' అను పేర పౌరులు కొందఱు అరిజోనాలో మెక్సికో సరిహద్దును కాచిరి. చూచినదానిని సర్కారు గస్తీవారికి తెలుపుదుమే గాని ఎవరిని పట్టుకొనమని చెప్పుకొనిరి. అచ్చటను వారికి ఆ పని ఎవరు ఒప్పగించిరన్న తగవే నడచినది.

1948 నాటి ఆ మద్రాసు చట్టమే కాలక్రమమున తెలంగాణమునకును సంక్రమించినది. నేడు ఆర్.టి.సి. చౌరస్తాలో మిట్టమధ్యాహ్నము చేయి చాచి బస్సుల నాపుచు నిలుచువారిలో హోంగార్డులును కలరు. వారికి ముట్టునది నెలజీతము కాదు, దినభత్యము.