వార్తల్లో పదం: ఎంబెడెడ్ వీడియో

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అలాంటి దృశ్యాలు వార్తా సైట్లో కనిపించినా, వీడియో చాలాసార్లు ఆ సైటుది కాదు. అసలు ఫైలు యూట్యూబ్ వంటి వేదిక సర్వర్‌లో ఉంటుంది. పేజీలో అతికించేది చిన్న కోడ్ మాత్రమే. ఇదే ఎంబెడెడ్ వీడియో. అక్కడ తీసేస్తే ఇక్కడా మాయం.

ఇలాంటి వీడియో స్ట్రీమింగ్‌లో, అంటే మనం చూస్తుండగానే, కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. అందుకే రైట్ క్లిక్‌తో సేవ్ కావడం కష్టం. ఆ ముక్కలను కలిపి దించే వైటీ-డీఎల్‌పీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. కానీ అనుమతి లేని డౌన్‌లోడ్‌ను యూట్యూబ్ నిబంధనలు ఒప్పుకోవు. ఇచ్ఛాపురంలో ఎవరైనా ఊరి తుపాను దృశ్యాలు దాచుకోదలిస్తే, తీసినవారినే అసలు ఫైలు అడగడం మేలు. నాణ్యతా తగ్గదు, పేచీ ఉండదు.